ఆయిల్ కారే బండి కథ: బుల్లెట్ నుంచి స్ప్లెండర్ దాకా

ఈసారి పోస్టు పంట గురించి కాదు, బండి గురించి. పెద్దదే. నూర్పిళ్ళు అయ్యి కాస్త ఖాళీ దొరికినప్పుడు చదువుకోండి.

పది రోజుల కింద మా వీధి కుర్రాడొకడు తన స్ప్లెండర్ అమ్మేస్తానని వచ్చాడు. 2009 మోడలు. వాళ్ళింట్లో రెండు గేదెల పాలు కేంద్రానికి పోయేది ఆ బండి మీదే, చేనికి యూరియా బస్తా వచ్చేదీ ఆ బండి మీదే. ఎందుకురా అంటే, "కింద ఆయిల్ కారుతోందన్నా. ఇంజన్ దింపి రెండు ముక్కలు చెయ్యాలంటున్నారు, ఏడు వేలు అవుద్దంట. ఉన్నదున్నట్టు ఇస్తే పన్నెండు వేలకి తీసుకుంటామని ఒకళ్ళు అడిగారు" అన్నాడు. అమ్మే ముందు ఒక్క ఆదివారం నాకియ్యి అన్నాను. ఆ ఆదివారం ఏం బయటపడిందో చివర్లో చెప్తాను. ముందు చెప్తే ఈ కథంతా మీరు చదవరు.

నాకీ పిచ్చి మా నాన్న బుల్లెట్ వల్ల పట్టుకుంది. ఆ బండి వల్ల మా ఇంట్లో ఒక తప్పు జరిగింది. అది నా చేత్తోనే జరిగింది. అది అర్థం కావాలంటే అసలు బండిలో ఆయిల్ ఎట్లా నిలబడుతుంది, మనవాళ్ళు దాన్ని లోపల ఆపడం ఎప్పుడు నేర్చుకున్నారు అనేది తెలియాలి.

మొట్టమొదటి మోటారు సైకిళ్ళకి ఆయిల్ కారడం అనే జబ్బే లేదు. ఎందుకంటే కారడమే వాటి పద్ధతి! 1900ల తొలి రోజుల్లో బండికి ట్యాంకు పక్కన చిన్న చేతి పంపు ఉండేది. నడిపేవాడు కొన్ని మైళ్ళకొకసారి దాన్ని నొక్కితే కాస్త ఆయిల్ ఇంజన్లోకి పోయేది. అది బేరింగులకి, పిస్టనుకి తగిలి, కొంత కాలిపోయి, మిగతాది రోడ్డు మీద పడేది. తిరిగి రావడమనేది లేదు. మన ఎడ్లబండి ఇరుసుకి కందెన పెట్టినట్టే అనుకోండి. పెట్టిన కందెన వెనక్కి రావాలని ఎవడు కోరుకుంటాడు?

తర్వాత ఇంజన్లే పంపు తిప్పి, వాడిన ఆయిల్‌ని మళ్ళీ ట్యాంకుకి పంపే ఏర్పాటు వచ్చింది. ఇంగ్లాండులో రెడిచ్ అనే ఊళ్ళోని రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు 1913 నాటికే ఆ పని చేశారు. 1932లో బుల్లెట్ పేరుతో బండి తెచ్చారు. ఆయిల్ ఒకసారి పోసి నెలల తరబడి తిప్పుకోవచ్చు అన్న రోజు నుంచే, ఒక్క బొట్టు కిందపడినా "కారుతోంది" అనే మాట పుట్టింది.

ఇప్పుడు అసలు సంగతి వినండి. పిస్టను పైన పెట్రోలు మండుతుందని అందరికీ తెలుసు. పిస్టను కింద ఏముంది? గాలి. పాత 350 బుల్లెట్ పిస్టను అడ్డం 70 మిల్లీమీటర్లు, అది పైకీ కిందికీ తిరిగే దూరం 90 మిల్లీమీటర్లు. అంటే కిందికి దిగిన ప్రతిసారీ లీటరులో మూడో వంతుకి పైగా గాలిని కింది గదిలోకి నెడుతుంది. నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగే ఇంజన్లో ఇది సెకనుకి యాభై సార్లు. ఆ గాలికి దారి కావాలి. దారి లేకపోతే అదే దారి చేసుకుంటుంది. ప్యాకింగు సందులోంచో, సీలు పెదవి పక్కనుంచో బయటికొస్తుంది, వస్తూ వస్తూ ఆయిల్‌ని వెంటబెట్టుకొస్తుంది. అందుకే ప్రతి ఇంజనుకీ ఊపిరి గొట్టం పెట్టారు. మన పాత ఆయిల్ ఇంజనుకీ ఉంటుంది, ట్రాక్టరుకీ ఉంటుంది, పొగ బుసబుసమంటూ వస్తుంటే "రింగులు పోయాయి" అంటాం చూడండి, అదే. బుల్లెట్‌కి క్రాంకు గది నుంచి రబ్బరు గొట్టం బయలుదేరుతుంది. మా బండికి దాని చివర బాతు ముక్కులా అణిగిన రబ్బరు ముక్క ఉంది. లోపలి గాలి బయటికి పోనిస్తుంది, బయటి గాలి లోపలికి రానియ్యదు. పైసల్లో ఉండే సరుకు. అది గట్టిపడి మూసుకుపోతే వేల రూపాయల ప్యాకింగులు కూడా ఆగవు.

ఇక బుల్లెట్ మనదెట్లా అయిందో రెండు ముక్కల్లో. సరిహద్దు గస్తీకి మిలిటరీ వాళ్ళకి గట్టి బండి కావాల్సి వచ్చింది. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్ళతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా అని కంపెనీ పెట్టారు, మద్రాసు పక్కన తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ లేచింది. మొదట్లో భాగాలు ఇంగ్లాండు నుంచి వచ్చేవి, ఇక్కడ బిగించేవాళ్ళు. 1960ల మొదటికల్లా అన్నీ ఇక్కడే తయారయ్యాయి. రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది, 1970 కల్లా ఇంగ్లాండులో ఎన్‌ఫీల్డ్ బండ్ల తయారీయే ఆగిపోయింది. మనవాళ్ళు మాత్రం ఆ 1950ల ఇంజన్నే పోతపోసుకుంటూ కూర్చున్నారు. 1977 నుంచి తిరిగి ఇంగ్లాండుకే ఎగుమతి చేశారంటే చూడండి! 2008లో గేరు పెట్టె, క్లచ్చు అన్నీ కలిసిన కొత్త ఇంజను వచ్చే దాకా ఆ పాత పోత ఇనుము బోరే నడిచింది. యాభై ఏళ్ళకి పైగా ఒకే ఇంజను, ఒకే కారుడు.

ఆ పాత ఇంజన్లో మూడు గదులు, మూడు వేర్వేరు నూనెలు. ఇంజనుకి ఒకటి, ఎడమ పక్క చైను పెట్టెకి ఒకటి, వెనకాల గేరు పెట్టెకి ఒకటి. చాలామందికి ఈ సంగతే తెలియదు. తెలిస్తే సగం రోగం కింద పడిన బొట్టే చెప్తుంది. బొట్టు నల్లగా, వేడికి పలచబడి ఉంటే ఇంజన్ది. కొంచెం శుభ్రంగా, తేట రంగులో ఎడమ పక్క పడితే చైను పెట్టెది. చిక్కగా, గ్రీజు కలిసినట్టు, ముక్కు మూసుకునే వాసనతో వెనక పడితే గేరు పెట్టెది. మా నాన్న వేలికి రాసుకుని, వాసన చూసి చెప్పేవాడు, పాలు చూసి నీళ్ళు కలిపారో లేదో చెప్పినట్టు.

చైను పెట్టె మూత ఒకే ఒక్క పెద్ద నట్టుతో నిలబడుతుంది, చుట్టూ రబ్బరు పట్టీ. కారుతోంది కదా అని ఆ నట్టుని ఇంకా బిగిస్తాం. మూత మధ్యలో లోపలికి లాగినట్టయి, అంచులు పైకి లేస్తాయి, ఇంకా కారుతుంది. ఈ తప్పు చెయ్యని బుల్లెట్టు వాడు నాకు తారసపడలేదు. బోరు పక్కన టాపెట్ల తలుపుకీ ఒకటే నట్టు, అదే కథ. పైన హెడ్డుకి ఆయిల్ తీసుకెళ్ళే బయటి గొట్టం ఉంటుంది, దాని బోల్టుల దగ్గర రాగి వాషర్లు. విప్పిన ప్రతిసారీ వాషరు మార్చాలి, లేదా ఎర్రగా కాల్చి మెత్తబరిచి వెయ్యాలి. అట్లాగే వేసేస్తే పైనుంచి జారి బోరంతా తడుస్తుంది, మనం బోరు ప్యాకింగు పోయిందనుకుంటాం.

ఇంకొకటి, బయటికి కనపడని కారుడు. ఇంజనుకీ చైను పెట్టెకీ మధ్య ఇరుసు మీద ఒక సీలు ఉంటుంది. అది పోతే ఇంజన్ ఆయిల్ బయటికి రాదు, పక్క గదిలోకి పోతుంది. ఇంజన్లో తగ్గుతుంది, పొగ లేదు, కింద చుక్క లేదు, ఎటు పోతోందో తెలియదు. చైను పెట్టెకి మట్టం చూసే స్క్రూ ఉంటుంది. విప్పండి. మీరు పోయకుండానే ఆయిల్ ధారగా వస్తే దొంగ దొరికినట్టే.

ఇప్పుడు మా ఇంటి తప్పు చెప్తాను.

మా నాన్న 1986లో చేతులు మారిన బుల్లెట్ కొన్నాడు. గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉండే పాత బండి. 2001లో అనుకుంటా, నాట్ల కాలం, వానలు వదల్లేదు. బండి మూడు వారాలు గొడ్లసావిట్లోనే ఉంది. వాన తగ్గిన రోజు పొద్దున్నే, నాన్న లేవకముందే నేను పుల్ల తీసి ఆయిల్ చూశాను. పుల్ల చివర కూడా తడవలేదు. అయ్యబాబోయ్, ఎంత తాగేసింది అనుకుని డబ్బాలో ఉన్న ముప్పావు లీటరూ పోసేశాను. మంచి పని చేశానన్న సంతోషం కూడా. నాన్న ఎరువుల కొట్టుకి బయలుదేరాడు. రెండు కిలోమీటర్లు పోయేసరికి ఊపిరి గొట్టంలోంచి ఆయిల్ చిమ్మడం మొదలైంది. అది చైను మీద, చైను నుంచి వెనక టైరు మీద పడింది. కాలవ గట్టు మలుపులో బండి జారింది. నాన్న మోకాలి చిప్ప మీద పడ్డాడు.

మోకాలు మానింది. కానీ ఆ తర్వాత వాన మబ్బు పట్టిందంటే ఆ కాలు పట్టుకుని కూర్చునేవాడు. పోయేదాకా అంతే.

బండిని టౌనుకి తోలాం. హెడ్డు విప్పారు, బోరు విప్పారు, ప్యాకింగులన్నీ మార్చారు. రెండు నెలలు బాగుంది. కోతల్లో బండి మళ్ళీ కదల్లేదు, నేను మళ్ళీ పుల్ల చూశాను, మళ్ళీ పొడిగా ఉంది, మళ్ళీ పోశాను. మళ్ళీ కారింది. ఈసారి ఇంకో షెడ్డులో రింగులు పోయాయన్నారు, బోరు చేయించి కొత్త పిస్టను వేశారు. రెండిటికీ కలిపి పది బస్తాల ధాన్యం డబ్బు పోయింది. అప్పట్లో అది మాకు చిన్న మాట కాదు.

చివరికి చూసింది రిటైరై ఇంటి దగ్గరే రిపేర్లు చేసుకునే ఒక ముసలాయన. ఇంజన్ మీద చెయ్యి కూడా వెయ్యలేదు. "బండి ఎన్నాళ్ళు నిలబెట్టాక పుల్ల చూశావురా అబ్బాయ్?" అని అడిగాడు. చెప్పాను. "స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు తిప్పి, ఆపి, ఇప్పుడు చూడు" అన్నాడు. చూస్తే ఆయిల్ పై గీత దాటి ఎక్కడో ఉంది. "ఆయిల్ ఎక్కడికీ పోలేదురా. పక్క గదిలో పడుకుంది. నువ్వది లేదనుకుని ఇంకో బిందె పోశావు" అన్నాడు.

అదీ సంగతి. పాత బుల్లెట్లో ఆయిల్ ట్యాంకు వేరే ఉండదు, క్రాంకు గది వెనకే అదే పోతలో కలిపి పోశారు. బండి రోజుల తరబడి కదలకపోతే ట్యాంకులో ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లగా క్రాంకు గదిలోకి దిగుతుంది. పుల్ల ఉండేది ట్యాంకులో, కాబట్టి పొడిగా కనపడుతుంది. ఇంజన్ కాసేపు తిరిగితే వెనక్కి తోడే పంపు దాన్నంతా మళ్ళీ ట్యాంకుకి చేరుస్తుంది. నేను పోసింది అదనం. అదనంగా ఉన్నది ఎటో ఒకటు బయటికి రావాలి కదా. ఏ గ్యాస్కెట్టూ పోలేదు, ఏ రింగూ పోలేదు. నేను ఆ సంగతి నాన్నకి చెప్పాను. "సర్లే, ఇప్పుడు తెలిసిందిగా" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు.

అందుకే చెప్తున్నా. పాత బుల్లెట్ ఉన్నవాళ్ళెవరైనా చల్ల ఇంజన్లో పుల్ల చూసి ఆయిల్ పొయ్యొద్దు.

సరే, ముందుకెళ్దాం. ఈ సీలు, ప్యాకింగు అనేవి ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే బండి ఎందుకు కారుతుందో ఇంకా బాగా తెలుస్తుంది. తిరిగే ఇరుసు చుట్టూ నూనె ఆపడం అన్నిటికంటే కష్టం. బిగిస్తే ఇరుసు తిరగదు, వదిలితే నూనె ఆగదు. మొదట్లో ఉన్ని పట్టీలు, తాళ్ళు, తోలు చుట్టేవాళ్ళు. తోలు మనకి కొత్తేం కాదు, సైకిలు పంపులో, చేతి బోరింగులో తోలు వాషరు ఎండిపోతే నూనె రాసి మెత్తబరిచింది మనమే. 1929లో జర్మనీలో ఫ్రాయిడెన్‌బర్గ్ అనే తోలు శుద్ధి చేసే కంపెనీలో వాల్టర్ సిమ్మర్ అనే ఇంజనీరు ఆ తోలుకి ఇనుప రింగు తొడిగి, విడిగా కొట్టి బిగించుకునే సీలు చేశాడు. తర్వాత కొన్నేళ్ళకే తోలు బదులు నూనెకి పాడవని కృత్రిమ రబ్బరు వచ్చింది. ఇవాళ మీ బండి గేరు రాడ్డు దగ్గరా, కిక్కు రాడ్డు దగ్గరా, ముందు పళ్ళచక్రం వెనకా ఉన్న ఆయిల్ సీలు దాని మనవడే. ఇక గుండ్రటి రబ్బరు రింగు, మనం ఓ-రింగు అంటాం చూడండి, దానికి 1939లో అమెరికాలో పేటెంటు వచ్చింది. పుట్టింది డెన్మార్కులో, పేరు నీల్స్ క్రిస్టెన్సన్. ఆ పేటెంటుకి దరఖాస్తు పెట్టేనాటికే ఆయనకి డెబ్బై దాటాయి. మనూళ్ళో డెబ్బై దాటితే రచ్చబండ దగ్గర కూర్చోబెడతాం.

రెండు ముక్కలు కలిసే చోట కాయితం, బెండు, రాగి రేకు పెట్టేవాళ్ళు. అంటించడానికి లక్క కూడా వాడేవాళ్ళు. మన మోదుగ చెట్ల మీద లక్క పురుగు పెట్టే లక్కే శుద్ధి చేస్తే షెల్లాక్ అయ్యేది. ఇప్పుడు దాని బదులు ట్యూబులో వచ్చే పేస్టు, ఏ షెడ్డులో చూసినా అనాబాండే. మంచిదే, కానీ దాన్ని వెన్న రాసినట్టు రాస్తారు. మూత బిగించగానే సగం బయటికొస్తుంది, సగం లోపలికి పోతుంది. బయటికొచ్చింది మనకి కనపడి తుడుస్తాం. లోపలికి పోయింది ఊడి, ఆయిల్ దారిలో అడ్డం పడితే ఇంజనే పోతుంది. చిన్న కారుడు ఆపబోయి ఇంజన్ పట్టేసిన బండ్లు చూశాను.

రాజ్‌దూత్ గురించి ఒక మాట. పోలండు వాళ్ళ ఎస్‌హెచ్‌ఎల్ బండి నమూనా, ఎస్కార్ట్స్ వాళ్ళు చేశారు, 175 సీసీ. పాలవాళ్ళ బండి. అది రెండు స్ట్రోకుల ఇంజను, ఆయిల్ పెట్రోల్లోనే కలిపి పోస్తాం, కాబట్టి ఇంజన్ ఆయిల్ కారడం అనేదే లేదు. గేరు ఆయిల్ మాత్రం వేరే గదిలో ఉంటుంది. క్రాంకు సీలు పోతే ఆ ఇంజను గేరు ఆయిల్‌ని బయటికి వదలదు, తనే లోపలికి పీల్చుకుని కాల్చేస్తుంది. తెల్లగా పొగ మబ్బు. "పెట్రోల్లో ఆయిల్ ఎక్కువ కలిపారు" అంటారు. కలిపేది తగ్గిస్తారు, పిస్టను పట్టేస్తుంది. గేరు ఆయిల్ మట్టం చూసుంటే అక్కడే తేలేది. ఇంకా ఎవరి దగ్గరైనా తిరిగే రాజ్‌దూత్ ఉంటే గుర్తుంచుకోండి.

ఇక జపాను వాళ్ళు. ఇంగ్లీషు బండి కింద అట్ట పెట్టుకోవడం మామూలే అనుకున్న రోజుల్లో హోండా వాళ్ళు అట్ట అక్కర్లేని బండి చేశారు. మంత్రమేం లేదు. 1950ల మొదట్లో అప్పు మీద అప్పు చేసి అమెరికా, జర్మనీ, స్విట్జర్లాండుల నుంచి మంచి కోత యంత్రాలు తెప్పించుకున్నారు. రెండు ముక్కల అంచులు అద్దంలా ఒకదానిమీదొకటి కూర్చుంటే మధ్యలో పల్చటి కాయితం చాలు. 1958లో సూపర్ కబ్ అనే చిన్న బండి వచ్చింది. ఆ వంశంలోదే మన సీడీ 100. హీరో హోండా కంపెనీ 1984లో పెట్టారు, హర్యానాలో ధారుహేడా ఫ్యాక్టరీ, 1985లో సీడీ 100, 1994లో స్ప్లెండర్. 97.2 సీసీ ఇంజను, బోరు దాదాపు పడుకుని ఉంటుంది. పిస్టను కదిలేది 49.5 మిల్లీమీటర్లే. బుల్లెట్ ఊపిరిలో మూడో వంతు కూడా లేదు, అదురు తక్కువ, కాబట్టి కారుడూ తక్కువ.

తక్కువే గానీ, పదిహేనేళ్ళు దుమ్ములో, బురదలో తిరిగాక ఏ సీలైనా ముసలిదవుతుంది. పైగా ఇందులో ఇంజనుకీ క్లచ్చుకీ గేర్లకీ ఒకటే ఆయిల్. బొట్టు వాసన చూసి ఏ గదిదో చెప్పే వైద్యం ఇక్కడ పనికిరాదు. చోటు వెతకాల్సిందే.

ఆ ఆదివారం కుర్రాడి బండికి చేసింది అదే. ఇంజన్ కింద అరంగుళం మడ్డి. తడి అంతటా ఉంది, కాబట్టి ఎక్కణ్ణుంచైనా కావచ్చు. బండి నడిచేటప్పుడు గాలి వెనక్కి నెడుతుంది, నూనె సహజంగా కిందికి జారుతుంది. కాబట్టి కారేది ముందూ పైనా, కనపడేది వెనకా కిందా. కింద బొట్టు పడిన చోట ఉన్న బోల్టుని బిగించడం అంటే, పై మడిలో గండి పడితే కింది మడి గట్టు వేసినట్టు.

చల్లారిన ఇంజన్ని డీజిలుతో, పాత బ్రష్షుతో కడిగాం. ఆరనిచ్చి, పొడి గుడ్డతో తుడిచాం. అప్పుడు ముఖానికి రాసుకునే పౌడరు గుడ్డలో మూటగట్టి ఇంజనంతా పల్చగా తట్టాం. (ముగ్గు పిండి వాడొద్దు, అది రాతి పొడి, సందుల్లోకి పోతే సీలుని కోస్తుంది.) ముందు స్టాండు వేసి, కింద అట్ట పెట్టి గంటసేపు కదపకుండా ఉంచాం. బొట్టు పడలేదు, పౌడరూ తడవలేదు. అంటే డ్రెయిన్ బోల్టు కాదు. దాని వాషరు పోయినా, మర తినేసినా నిలబడ్డప్పుడే బొట్టు పడుతుంది. తర్వాత వాణ్ణి లాకుల దాకా పోయి రమ్మన్నాను. వచ్చాక చూశాం. పైన టాపెట్ మూతలు రెండూ పొడి. అక్కడ ఓ-రింగులు గట్టిపడి కారడం ఈ బండ్లకి చాలా మామూలు, పది రూపాయల పని. హెడ్డుకీ బోరుకీ మధ్య పొడి. కుడి పక్క పెద్ద మూత, కిక్కు రాడ్డు పొడి. ఎడమ పక్క గేరు రాడ్డు చుట్టూ పౌడరు తెల్లగానే ఉంది. చైను పళ్ళచక్రం మూత కింది అంచున మాత్రం ఒక తడి గీత.

అక్కడా తొందరపడకూడదు. మనలో చాలామంది చైనుకి కాల్చిన ఆయిల్ ధారాళంగా పోస్తాం. అది ఎగిరి ఆ మూత లోపల చేరి కిందికి కారుతుంది, ఇంజన్ కారుతోందని భయపడతాం. వాణ్ణి అడిగాను, నెల నుంచి చైనుకి ఏమీ వెయ్యలేదన్నాడు. మూత విప్పాం. లోపల నల్లటి మడ్డి, గడ్డి పరకలు. అదంతా గీకేస్తే పళ్ళచక్రం వెనక ఇరుసుకి చుట్టుకుని ఒక దారం. యూరియా బస్తా మూతి కుట్టిన దారం! ఎప్పుడో బస్తా వేసుకొచ్చినప్పుడు చైనులో పడి లోపలికి లాక్కుపోయింది. తిరిగి తిరిగి సీలు పెదవిని రంపంలా కోసేసింది. బండి తిరిగితే ఆ సీలు మీదికి ఆయిల్ చిమ్ముతుంది, కారుతుంది. ఆగితే మట్టం కిందికి దిగి ఆగుతుంది.

ఆ సీలు బయటి నుంచే తియ్యొచ్చు. ఇంజన్ దింపక్కర్లేదు, రెండు ముక్కలు చెయ్యక్కర్లేదు. కొత్త సీలు వంద రూపాయల్లోపే. పెదవికి కాస్త ఆయిల్ రాసి, సమానంగా లోపలికి నొక్కి, చక్రం బిగించాం. ఏడు వేలు చెప్పినవాణ్ణి దొంగ అని నేను అనను. మూత విప్పి చూడకుండా చెప్పాడు, అంతే. ఆ మడ్డి చూస్తే ఎవరికైనా లోపలేదో పెద్దదే పోయిందనిపిస్తుంది.

నిజంగానే పెద్ద పని ఉండే రోజులూ ఉంటాయి, అవి ఎట్లా తెలుస్తాయో కూడా చెప్పాలి. ఒక చోట ఆపితే ఇంకో చోట, అక్కడ ఆపితే మరో చోట కారుతుంటే ప్యాకింగులు మార్చడం ఆపండి. ముందు ఊపిరి గొట్టం చూడండి. మడత పడిందా, బురద పట్టిందా, కుమ్మరి పురుగు మట్టితో గూడు కట్టిందా. నవ్వకండి, కట్టిన బండి నేను చూశాను. గొట్టం శుభ్రంగానే ఉండి, ఇంజన్ తిరుగుతుంటే దాని చివర చెయ్యి పెడితే వేడి పొగ ఆగకుండా బలంగా తన్నుతుంటే, సైలెన్సర్లోంచి నీలం పొగ కూడా వస్తుంటే, అప్పుడు రింగులూ బోరూ. దానికి డబ్బు పెట్టాల్సిందే, అనాబాండుతో పోదు. ఇంకోటి, మీరు పోయకుండా ఆయిల్ మట్టం పెరిగిందంటే సంతోషపడకండి. పుల్ల వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే కార్బురేటర్లో పిన్ను పట్టక రాత్రంతా పెట్రోలు ఇంజన్లోకి దిగుతున్నట్టు. ఆ పలచటి ఆయిల్ సీళ్ళు దాటి కారుతుంది, బేరింగుల్నీ తినేస్తుంది. ఆ ఆయిల్ తీసేసి, పిన్ను బాగుచేసే దాకా రాత్రి పెట్రోలు కాకు కట్టెయ్యండి. స్ప్లెండర్లో మట్టం చూసేటప్పుడు బండి నిటారుగా ఉండాలి, పుల్ల మర తిప్పకుండా ఊరికే ఆనించి తియ్యాలి. సైడు స్టాండు మీద చూసి పోస్తే ఏమవుతుందో మా నాన్న మోకాలికి తెలుసు.

కుర్రాడు బండి అమ్మలేదు. పొద్దున పాలకేన్లతో మా ఇంటి ముందు నుంచే పోయాడు.

నాన్న బుల్లెట్ సావిట్లోనే ఉంది. వారానికొకసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు తిప్పుతాను, అప్పుడే పుల్ల చూస్తాను. కింద ఎప్పుడూ అట్ట ముక్క ఉంటుంది. ఇవాళ దాని మీద ఎడమ పక్క ఒకే బొట్టు, తేట రంగు. చైను పెట్టెది. రబ్బరు పట్టీ కొత్తది తెచ్చి పెట్టాను. వచ్చే ఆదివారం వేస్తాను, నట్టు మాత్రం ఎక్కువ బిగించను.